డిస్కు మీద అంటించిన చీటీ

ఆ ఫాల్గుణ శుక్రవారం ఉదయం పదకొండు గంటలకు తాండూరులో మా కోడలి ఎంబ్రాయిడరీ దుకాణంలో హాజరైనవారు, లోపలికి వచ్చిన వరుసలో, వీరు: తాళం తీసిన మా కోడలు వినీత, సద్దిగిన్నెల సంచీతో ఆమె వెనకనే నా భార్య పద్మమ్మ, ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ప్రిన్సిపాల్‌గా పదవీ విరమణ చేసిన నేను, అనగా ఎస్. కిష్టయ్య, ఎం.ఏ.; అందరికంటె చివర, భుజం మీద గోనెసంచీతో, గడప అవతలనే చెప్పులు విడిచి, లోపల కాలు పెట్టకముందే చేతులు కడుక్కోవడానికి నీళ్లడిగిన జంగప్ప.

వరుసను ఇంత కచ్చితంగా చెప్పడానికి కారణం ఉంది. ఆ గది వెడల్పు తొమ్మిదడుగులు కూడా లేదు. చివర వచ్చిన జంగప్ప గుమ్మానికి అడ్డంగా కింద కూర్చుని సంచీ విప్పుకున్నాడు. అందువల్ల, లేచి వెళ్లిపోవాలని నాకు ఎంతగా అనిపించినా, వెళ్లే దారి లేకపోయింది.

ఎందుకు వెళ్లిపోవాలనిపించిందో చెప్పాలంటే ఆ పెళ్లిళ్ల కాలం మొదటికి పోవాలి.

నా కుమారుడు సుశాంత్ పోయిన మూడో ఏడు అది. వినీత ఎమ్మెస్సీ చదివిన పిల్ల. వికారాబాదులో మా ఇంట్లోనే ఉంటూ, రోజూ ఉదయం ప్యాసింజరులో తాండూరు వెళ్లి, ధాన్యపు గంజ్ వెనక సందులో జాకెట్ల మీద కంప్యూటర్ ఎంబ్రాయిడరీ వేసే దుకాణం నడుపుతోంది. ఎవరో వాడి వదిలేసిన యంత్రం. దానికి తగిలించి అంతే పాత కంప్యూటరు. ఆ దుకాణమంటే నాకు రోత. దాచడం ఎందుకు? లోపల ఎటు చూసినా దారపు నూగు, నెమళ్లు, మామిడిపిందెలు. బయట కందుల లారీలు లేపే దుమ్ము. పక్కన భీమయ్య పిండిగిర్ని హోరు. ఎవరి పెళ్లిలో ఎవరు ఏ జాకెట్టు తొడుక్కున్నారన్నది తప్ప మరో మాట లేని ఆడవాళ్లు. రసాయనశాస్త్రంలో పట్టా పుచ్చుకున్న మనిషి వాళ్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని చేతుల కొలతలు తీయడం చూసినప్పుడల్లా నాకు నోరు చేదెక్కేది.

నా మిత్రులు ఇమ్మానుయేలు గారు వికారాబాదులో పాఠశాల నడుపుతున్నారు. సైన్సు ఉపాధ్యాయిని పోస్టు ఒకటి వినీత కోసం ఆపి ఉంచారు. పుష్యమాసం చివర నేను ఇంట్లో అందరి ఎదుటా ఒక షరతు పెట్టాను.

"ఈ పెళ్లిళ్ల కాలం ముగిసేవరకు నీ ఇష్టం. దుకాణం నిలదొక్కుకుంటే నేను మారు మాట్లాడను. లేనిపక్షంలో ఉగాది నాడు తాళంచెవి గది యజమానికి అప్పగించి, పాఠశాలలో చేరవలెను."

"సరే మామయ్యా," అన్నది వినీత. "నిలబడితే మాత్రం మళ్ల గా స్కూలు ముచ్చట ఎత్తొద్దు."

"ఎత్తను."

"రాసియ్యిమను బిడ్డా," అన్నది పద్మమ్మ వంటింట్లోంచి. "ప్రిన్సిపాల్ సాబ్ కాయితం మీద పెట్టందే ఏదీ నిజం కాదు గద."

మాఘం రెండో వారంలో, సరిగ్గా పని ముమ్మరంగా ఉన్నప్పుడు, ఆ కంప్యూటరు ఆగిపోయింది. సాయంత్రం ఇంటికి రాగానే వినీత తన ఫోనులో ఒక ఫోటో చూపింది. నల్లని తెర మీద ఒకే ఒక్క తెల్లని ఆంగ్ల వాక్యం. నేను కళ్లజోడు పెట్టుకుని, నిదానంగా చదివి, "ఆపరేటింగ్ సిస్టమ్ కనిపించడం లేదట," అని ప్రకటించాను.

"గది నేను గూడ చదివిన మామయ్యా," అన్నది ఆమె.

సూరత్‌లో ఆ యంత్రాలు అమ్మే కంపెనీకి ఫోన్ చేస్తే వారు ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తాన్ని ఒకే ఫైలుగా మూటగట్టి పంపారు. దానితోపాటు ఆంగ్లంలో రెండు పేజీల సూచనలు. వాటి సారాంశం ఇది: ఆ పాత కంప్యూటరు పెన్‌డ్రైవుతో లేవదు, సీడీతోనే లేస్తుంది. పంపిన ఫైలు ఒక డిస్కుకు అచ్చమైన ప్రతిరూపం. దానిని పాటలాగానో ఫోటోలాగానో సీడీలోకి ఎక్కిస్తే ప్రయోజనం లేదు. మూట విప్పి, అచ్చు దింపినట్టు, నెమ్మదిగా సీడీ మీద రాయించాలి.

"ఈ పని నాకు విడిచిపెట్టు," అన్నాను. దుకాణం నాది కాకపోయినా, ఆంగ్లం నాది.

మరునాడు వికారాబాదు స్టేషన్ రోడ్డులో శ్రీను అనే అతని నెట్ సెంటర్‌కు వెళ్లాను. వయసు నలభై దాటింది. నోటి నిండా గుట్కా.

"సీడీనా?" అని నవ్వాడు. "సార్, గిప్పుడు సీడీలు ఎవలు అడుగుతున్రు? ఉన్నయన్ని పిట్టలు రాకుంట చేన్ల కట్టుకున్నరు."

"అడుగుతున్నది నేను. సూచనలు చదివి వినిపించమంటావా?"

"అక్కర్లే సార్. గిసొంటియి మస్తు చేసిన."

గుట్కా అంటిన బొటనవేలితోనే డిస్కును మెరిసే వైపున పట్టుకున్నాడు. రెండు నిమిషాల్లో "అయిపోయింది" అన్నాడు. అప్పుడే అనుమానించవలసింది. తాండూరులో ఆ డిస్కు పెడితే, తెర మీద మళ్లీ అదే తెల్లని వాక్యం. ఇంటికి తెచ్చి నా కంప్యూటర్లో చూస్తే, ఫైలు వచ్చింది వచ్చినట్టే డిస్కులో కూర్చుని ఉంది. మూట మూటలాగే ఉంది.

తిరిగి వెళ్లి నిలదీశాను.

"లోపలికి పోయింది గద సార్?" అన్నాడు.

"పోయింది. పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తే చదివినట్టు కాదు."

"అయితే మీరే చేస్కోన్రి సార్. గంత ఎరికైనోళ్లు నా కాడికెందుకొచ్చిన్రు?" అని పక్కకు వంగి రోడ్డు మీద ఉమ్మాడు. ఒక ఎర్రని చుక్క నా ప్యాంటు అంచున పడింది. చేసే పని తెలియదు, తెలియదన్న సిగ్గు లేదు, ఉమ్మడానికి చోటు తెలియదు. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు.

నేనే చేశాను. పదవీ విరమణ చేసిన ఏట కొన్న నా కంప్యూటర్లో సీడీ రాసే డ్రైవు ఉంది. ఒక పాత స్టేషనరీ దుకాణం అటక మీద ఖాళీ డిస్కులు దొరికాయి. సూచనల కాగితాలు ఎదురుగా పెట్టుకుని, పెన్సిలు పట్టుకుని, ఒక్కొక్క వాక్యానికి ఒక్కొక్క టిక్కు పెడుతూ సాగాను. ప్రతిరూపాన్ని రాయించే ఆజ్ఞనే ఎంచుకున్నాను. అన్నిటికంటె తక్కువ వేగాన్ని ఎంచుకున్నాను. ఇరవై నిమిషాలు కుర్చీలోంచి కదలలేదు.

"పూజకు గూడ నువ్వు గింత నిష్ఠగ కూసోలే," అన్నది పద్మమ్మ.

డిస్కు బయటికి తీసి, తిరిగి పెట్టి చూశాను. మూట విడిపోయింది. లోపల వరుసలు వరుసలుగా ఫైళ్లు. శ్రీను వంటి వాళ్లకు చేతకానిది డెబ్బయ్యారేళ్ల వయసులో నేను మొదటి ప్రయత్నంలోనే చేశాను. అంతటి సంతృప్తి కలిగి చాలా కాలమైంది.

అయితే పేరు లేని వస్తువు ఏదీ నా చేతి నుంచి బయటికి పోదు. ముప్పై నాలుగేళ్ల అలవాటు: ఫైలుకు చీటీ, బీరువాకు చీటీ, జవాబు పత్రాల కట్టకు చీటీ. ఒక దళసరి కాగితాన్ని డిస్కు కొలతకు గుండ్రంగా కత్తిరించి, నడుమ రంధ్రం చేసి, అచ్చు వేసినట్టుండే నా ఆంగ్లాక్షరాలతో రాశాను: సిస్టమ్ డిస్కు, తయారు చేసినవారు ఎస్. కిష్టయ్య, ఎం.ఏ., విశ్రాంత ప్రిన్సిపాల్, తేదీ. జిగురు పూసి అంటించి, మీద నిఘంటువు బరువు పెట్టి, తెల్లవారేవరకు ఉంచాను.

మరునాడు దుకాణంలో వినీత నాకు స్టూలు వేసి, "పసుపు దారం ఒడిసింది మామయ్యా, ఇప్పుడే తెస్త," అని గంజ్ వైపు వెళ్లింది. ఆమె వచ్చేసరికి యంత్రం నడుస్తూ ఉండాలని నా కోరిక. డిస్కు పెట్టి మీట నొక్కాను. తెర నల్లగా ఉంది, ఆ తర్వాత దాని మీద కంపెనీ పేరు నీలంగా వెలిగింది. లేస్తోంది! నేను స్టూలు మీద నిటారుగా కూర్చున్నాను.

అంతలో లోపల టకటకమని చప్పుడు మొదలైంది. ఫ్యాను రెక్క కిటికీకి తగిలినట్టు. చప్పుడు పెరిగింది, గీరుకుంది, ఆగింది. కాలిన జిగురు వాసన వచ్చింది. తెర కొయ్యబారింది. డిస్కు బయటికి వచ్చే మీట నొక్కాను. రాలేదు. ఏడుసార్లు నొక్కాను.

ఏం జరిగిందో నాకు పూర్తిగా అర్థమైంది. నా చీటీ ఊడి లోపల చుట్టుకుంది. ఇక వినీత చెప్పుల చప్పుడు సందు మొదట్లో వినిపించినప్పటి నుంచి గడప దాకా వచ్చేవరకు నాకు వ్యవధి ఉంది.

"లేచిందా మామయ్యా?"

"లేవలేదు. ఈ కంప్యూటరు చాలా పాతది. సీడీ పెట్టే భాగం చెడిపోయింది."

"డిస్కు?"

"లోపలే చిక్కుకుంది."

చెప్పిన నాలుగు వాక్యాల్లో అబద్ధం ఒక్కటీ లేదు. అంత శుభ్రంగా నేను జీవితంలో ఎవరినీ మోసగించలేదు. దానికంటె నీచమైనది మరొకటుంది, అది కూడా చెప్పాలి. ఆమె మొహం వాడిపోవడం చూస్తూనే, నా మనసులో ఎక్కడో, ఉగాది తర్వాత పాఠశాల ఉంది కదా అన్న ఆలోచన సుఖంగా కాళ్లు చాపుకుంది. శ్రీను ఉమ్మితే నా ప్యాంటు మీద మరకే పడింది. ఇది ఎక్కడ పడిందో ఎలా చెప్పను?

ఆ రకం డ్రైవు తాండూరులో దొరకదన్నారు. హైదరాబాదులో వెతకాలి, ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేమన్నారు. మాఘం అయిపోయింది. జాకెట్ల మూటలు ఒక్కొక్కటే వెనక్కి పోసాగాయి. వినీత ప్రతి మూటనూ మడత చెడకుండా కట్టి ఇచ్చేది. సాయం చేస్తానన్న నెపంతో నేను వెళ్లి ఒక మూల కూర్చునేవాడిని. ఒకనాడు పెద్దేముల్ నుంచి వెంకటమ్మ అనే రైతు గృహిణి, పెళ్లికూతురు కాబోయే కూతురు హాసినిని వెంటబెట్టుకుని వచ్చింది.

"ఏమమ్మా వినీతా, మాఘం పాయె, ఫాల్గుణం వచ్చె. నీ మిషిని మాత్రం లేవకపాయె. మా పిల్లను దుప్పటి కప్పి పీటల మీద కూసోపెట్టాల్నా?"

"తప్పు నాదే అక్కా," అన్నది వినీత. "రెండు జాకెట్లు తీస్కపో. ఏడనన్న వేయించుకో. పెండ్లిది మాత్రం ఇడిసిపెట్టు. వచ్చే ఆదివారం దాక చూడు."

"ఆదివారం దాక చూసి, సోమవారం నీ మొహం చూడాల్నా? పెండ్లి బుధవారం."

"ఉంచు అమ్మా," అన్నది హాసిని, సగం ఏడుపు గొంతుతో. "గది కందిపూల డిజైను. నేను గీస్తే అక్క కంప్యూటర్ల ఎక్కించింది. గిది ఇంకేడ ఉంటది?"

వినీత ఆ కాగితం తీసి బల్ల మీద పరిచింది. చేతి అంచు చుట్టూ చిన్న చిన్న పసుపు పూలు, నడుమ ఎర్ర గీతలు. నెమళ్లు కావు, మామిడిపిందెలు కావు. ఆ దుకాణంలో నాకు రోత పుట్టించని వస్తువు చూడడం అదే మొదలు.

వెంకటమ్మ నా వైపు తిరిగింది. "సారూ, మీరు పెద్ద చదువులు చదివిన్రంట గద. దీనికి ఏమైందో మీకన్న తెల్వదా?"

"తెలియదమ్మా," అన్నాను.

అప్పటివరకు చెప్పకుండా దాచాను. ఇది మాత్రం అచ్చమైన అబద్ధం. నోరు కడుక్కోవాలనిపించింది.

గురువారం అన్నాల దగ్గర వినీత మొహం వెలుగుతూ ఉంది. "అత్తమ్మా, మనిషి దొరికిండు. జంగప్ప అని, నాపరాళ్లు పాలిష్ చేసే కాడ పన్జేస్తడు. ఒకప్పుడు బస్టాండు కాడ ఆయనకు సీడీల దుకాణం ఉండెనట. సామాను ఇప్పటికీ ఇంట్ల దాచిపెట్టుకున్నడు. రేపు మధ్యాహ్నం డ్యూటీకి పోకముందు, పొద్దుగాల వస్త అన్నడు. మామయ్యా, మీరు గూడ రావాలె. సూచనలు ఇంగ్లీషుల ఉన్నయి, ఆయనకు రాదట."

ముద్ద నా చేతిలోనే ఆగింది.

ఆ జంగప్పను నేను ఎరుగుదును. పద్దెనిమిదేళ్ల కిందట నేను తాండూరు కళాశాలలో ప్రిన్సిపాల్‌గా ఉన్నప్పుడు, లారీ డ్రైవర్లకు పాటలు, మా విద్యార్థులకు దొంగ సినిమాలు సీడీల మీద ఎక్కించి అమ్మేవాడు. తరగతులు ఎగ్గొట్టిన వాళ్లంతా ఆ దుకాణం ముందే. నేను పోలీసులకు ఆంగ్లంలో మూడు పేజీల ఫిర్యాదు రాశాను. దుకాణానికి సీలు వేశారు. స్టేషన్‌లో ఎస్సై నా లేఖను అతని చేతికి ఇచ్చి చూపినప్పుడు నేను అక్కడే కుర్చీలో ఉన్నాను. అతను నిలబడి ఉన్నాడు. ఆ లేఖలో ఒక్క మాట కూడా అసత్యం లేదని ఎన్నో ఏళ్లు గర్వపడ్డాను.

మొదట చెప్పిన శుక్రవారం ఇదే.

చేతులు కడుక్కుని లోపలికి వచ్చిన జంగప్ప కనుబొమల మీద రాతి పొడి తెల్లగా పేరుకుని ఉంది. పాలిషింగ్ నీళ్లలో నాని వేళ్లు పగుళ్లు విచ్చాయి. నన్ను చూశాడు.

"నమస్తే సారు. మంచిగున్నరా?"

"ఉన్నాను."

అంతే. గుమ్మం పక్కనే ఉన్న ఆ కంప్యూటరు ముందు చతికిలబడి, "ముందుగాల లోపల చిక్కింది తీద్దం. అమ్మా, ఓ పిన్నీసియ్యి," అని పద్మమ్మను అడిగాడు. ఆమె గాజుకు తగిలించుకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. దానిని తిన్నగా చేసి, డ్రైవు ముందున్న చీమంత రంధ్రంలోకి పొడిచాడు. నేను గుమ్మం వైపు చూశాను. గుమ్మంలో గోనెసంచీ ఉంది.

టక్కుమని డ్రైవు వేలెడంత బయటికి వచ్చింది. వినీత అతని వీపు వెనక ఉంది; నేను పక్కన. గీతలు పడ్డ డిస్కు, దాని మీద నలిగి, చిరిగి, జిగురు కాలిన నా చీటీ. సగం ముక్క మాత్రం చెక్కుచెదరలేదు. నా పేరున్న సగం. ఆంగ్లం రాదన్న మనిషి దాని వైపు చాలాసేపు చూశాడు. చదవలేదు. అక్షరాన్ని చూశాడు. తర్వాత తలెత్తి నన్ను చూశాడు.

"ఏమైంది జంగప్పన్నా? ఏమున్నది లోపల?" అని వినీత ముందుకు వంగింది.

"ఏమున్నదమ్మా, దుమ్ము. గీ ఊర్ల రాయి దుమ్ము మనుషులనే ఇడుస్తలేదు, మిషిన్ని ఇడుస్తదా?" అన్నాడు. కాగితం ముక్కలను పిడికిట్లోకి పోగుచేసి, అంగీ జేబులో వేసుకున్నాడు.

తన సంచీలోంచి ఒక పాత డ్రైవు తీసి, చెడినదాని స్థానంలో బిగించాడు. పాత చీరలో చుట్టి తెచ్చిన తన కంప్యూటరును బల్ల మీద పెట్టాడు. వినీత పెన్‌డ్రైవు ఇచ్చింది. స్టీలు డబ్బాలోంచి ఖాళీ సీడీలు తీశాడు. రెండే ఉన్నాయి. ఒకదాన్ని అంచులు మాత్రమే పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూసి, మెత్తని గుడ్డతో నడుమ నుంచి అంచుకు తుడిచి, లోపల పెట్టాడు. "ఫ్యాను బంద్ చెయ్యమ్మా. ఎవలు గూడ బల్ల మీద చెయ్యి పెట్టొద్దు," అన్నాడు. గుడిలో పూజారి కూడా నాతో అంత ధీమాగా మాట్లాడలేదు. నేను చెయ్యి తీశాను.

డెబ్బై శాతం దాటింది. పక్కన భీమయ్య గిర్ని గర్రుమని లేచింది. దీపం మసకబారింది. జంగప్ప కంప్యూటరు ఆరిపోయింది.

"ఆయ్తు," అన్నాడు జంగప్ప, అయిపోయిందని కన్నడంలో. "ఒకటి పాయె."

వినీత గోడకు ఆనుకుంది. పద్మమ్మ లేచి, గోనెసంచీని దాటుకుని బయటికి వెళ్లింది. గోడ అవతల నుంచి మాటలు వినిపించాయి.

"భీమయ్యా, నీ గిర్ని అరగంట బంద్ పెట్టు."

"అమ్మా, గోధుమలు పోసిన. నడుమల ఎట్ల ఆపాలె?"

"ఎట్ల షురూ చేసినవో గట్లనే ఆపు. ఆడ పెండ్లిపిల్ల జాకెట్టు ఆగింది."

"జాకెట్టా? నేనేమో ఎవలికో పాణం మీదికొచ్చింది అనుకున్న."

"పాణమే అనుకో. నేను గీ సంచి మీద కూసుంట. నన్ను లేపి పిండి పట్టుకో."

గిర్ని ఆగింది. జంగప్ప రెండో డిస్కు తీశాడు. పెట్టబోతూ నా వైపు తిరిగాడు.

"సారూ, జర సూచనల్ల స్పీడు ఎంత పెట్టాలె రాసిన్రో చదువున్రి."

వేలాది డిస్కులు రాసిన మనిషికి అది తెలియదా? వినీత నా వైపే చూస్తోంది. కాగితం విప్పాను. "అతి తక్కువ వేగం," అన్నాను.

"మంచిది. ఇంకేమన్న ఉన్నదా, ఆఖరుకు?"

రెండో పేజీ అడుగున ఒక వాక్యం ఉంది. దాని పక్కన నా పెన్సిలు టిక్కు ఉంది. ఆనాడు టిక్కు పెట్టాను, చదవలేదు. ఇప్పుడు తరగతిలో చదివినట్టు, గొంతు సవరించుకుని, తెలుగు చేసి చదివాను.

"డిస్కు మీద ఏ కాగితమూ అంటించరాదు."

"కరెక్టుగ రాసిన్రు," అన్నాడు జంగప్ప. నవ్వలేదు. డిస్కు లోపలికి నెట్టాడు.

ఇరవై రెండు నిమిషాలు. ఫ్యాను లేదు, గిర్ని లేదు. నూరు శాతం కాగానే డిస్కు తీసి, నడుమ రంధ్రం చుట్టూ ఉండే ప్లాస్టిక్ మీద మార్కరుతో మూడు చిన్న గీతలు గీశాడు. ఒకప్పటి అతని దుకాణం గుర్తట.

"పేరు రాయవా అన్నా?" అన్నది వినీత.

"పేరెందుకమ్మా? నడిస్తే చాలు."

నడిచింది. నీలంగా కంపెనీ పేరు వచ్చింది, పోయింది. యంత్రం తన సంగతులన్నీ తానే సర్దుకుంది. మధ్యాహ్నానికి వినీత తన దగ్గర దాచుకున్న డిజైన్లు మళ్లీ ఎక్కించి, సూదిలో పసుపు దారం గుచ్చింది. హాసిని పెళ్లిజాకెట్టు చేతి అంచున మొదటి కందిపువ్వు నా కళ్ల ముందే విచ్చుకుంది. వినీత రెండు చేతులూ జోడించింది. కానీ జంగప్ప అప్పటికే సంచీ కట్టుకుని వెళ్లిపోయాడు. దండం యంత్రానికి పెట్టిందేమోనని, గుమ్మంలోంచి చూస్తున్న భీమయ్య నవ్వాడు.

అంతకుముందు, జంగప్ప బయలుదేరినప్పుడు నేను అతని వెంట సందు చివరిదాకా వెళ్లాను. అతను ఆగి, జేబులోంచి కాగితం ముక్కలు తీసి నా చేతిలో పెట్టాడు.

"మీ అక్షరం ఏం మారలే సారు. గప్పుడు ఎస్సై నా చేతికిస్తే, నాకు ఇంగ్లీషు రాకపాయె. అక్షరం చూసుకుంట నిలబడ్డ, మూడు పేజీలు."

"అందులో నేను రాసినదంతా నిజమే," అన్నాను.

"నిజమే సారు. నేను అమ్మినయి దొంగ సీడీలే. కాదన్ననా?" గోనెసంచీ భుజం మార్చుకున్నాడు. "గిది గూడ గట్లనే రాస్తరా?"

జవాబు కోసం ఆగలేదు. డ్యూటీకి ఆలస్యమైందంటూ నాపరాళ్ల లారీల మధ్య తెల్లని దుమ్ములోకి నడిచిపోయాడు.

ఆదివారం వెంకటమ్మ వచ్చి, జాకెట్టును తిప్పి తిప్పి చూసి, ఏ వంకా దొరకక, "దారం కొసలు కత్తిరించలేదు," అని తీసుకుపోయింది. ఆ బుధవారం పెద్దేముల్‌లో ఆ పూలు చూసినవాళ్లు గురువారం దుకాణం ముందు నిలబడ్డారు. ఉగాది వచ్చింది. తాళంచెవి వినీత కొంగుకే ఉంది. ఇమ్మానుయేలు గారి పాఠశాలలో వేరొకరు చేరారు. హుక్కులు కుట్టడానికి పద్మమ్మ కూడా రోజూ ప్యాసింజరు ఎక్కుతోంది. మధ్యాహ్నం నాకు చల్లారిన అన్నమే గతి. దారపు నూగంటే నాకు ఇప్పటికీ రోతే. అయితే ఆ రోత ముందరిలా బయటివాళ్ల దగ్గరే ఆగడం లేదు. తిరిగి నా దగ్గరికే వస్తోంది.

ఆనాటి ఫిర్యాదు రాసిన కలంతోనే, ఈసారి తెలుగులో, దుకాణం గోడకు తగిలించడానికి ఈ కింది మాటలు రాసి వినీత చేతికి ఇస్తున్నాను.

"ఈ దుకాణపు కంప్యూటరులోని సీడీ డ్రైవు పాతబడినందువల్ల చెడలేదు. సూచనలకు విరుద్ధంగా నేను డిస్కు మీద కాగితం అంటించినందువల్ల చెడింది. ఆ సంగతి తెలిసి ఇన్నాళ్లు దాచాను. దాచడం వల్ల నాకు అనుకూలం కలుగుతుందని తెలిసే దాచాను. పద్దెనిమిదేళ్ల కిందట నా వల్ల తన దుకాణం పోగొట్టుకున్న జంగప్ప ఆ శుక్రవారం ఇక్కడికి వచ్చి రెండు పనులు చేశాడు. డిస్కు రాయడం ఒకటి. నా కోడలి ముందు నా పేరు ఎత్తకపోవడం రెండవది. మొదటిదానికి వినీత చేతులు జోడించింది. రెండవదానికి జోడించవలసినవాడిని నేను. జోడిస్తున్నాను.

కిష్టయ్య."